సమత తీర్పు నిలబడింది, జీవో 3 పడిపోయింది. ఎందుకు?

పోస్టు కొంచెం పెద్దది. డీఎడ్, బీఎడ్ చేస్తున్నవాళ్లు, డీఎస్సీకి చదువుతున్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

ఏజెన్సీలో చదువుకున్న ఎవరిని అడిగినా రెండు కోర్టు తీర్పులు చెప్తారు. ఒకటి 1997 జూలై 11 నాటి సమత తీర్పు. రెండోది 2020 ఏప్రిల్ 22న జీవో నెంబరు 3ని కొట్టేసిన తీర్పు. మొదటి దాని గురించి గర్వంగా మాట్లాడతాం. రెండోది గుర్తొస్తే కోపం వస్తుంది. రెండూ సుప్రీంకోర్టు ఇచ్చినవే. రెండింటిలోనూ ఓడిపోయింది ప్రభుత్వమే. కానీ మొదటి కేసులో ప్రభుత్వం ఓడిపోతే మనం గెలిచాం. రెండో కేసులో ప్రభుత్వం ఓడిపోతే దాంతోపాటు మనమూ ఓడిపోయాం.

దీన్ని "అప్పటి జడ్జీలు మంచోళ్లు, ఇప్పటివాళ్లు కాదు" అని తేల్చేస్తే మనకు ఒరిగేదేమీ లేదు. అసలు కోర్టుకి ప్రభుత్వాన్ని ఆపే అధికారం ఎక్కడి నుంచి వచ్చింది, ఆ అధికారం వాడేటప్పుడు కోర్టు ఏం చూస్తుంది అన్నది అర్థం చేసుకుంటే ఈ రెండు తీర్పులకీ తేడా ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది.

కోర్టు మాట ప్రభుత్వం ఎందుకు వినాలి

రాజ్యాంగంలో 13వ అధికరణం ఉంది. ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా ఏ చట్టం చేసినా అది చెల్లదని చెప్తుంది. చెల్లదని తేల్చేది ఎవరు? హక్కు పోయినవాళ్లు 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకి, 226 కింద హైకోర్టుకి పోవచ్చు. ప్రభుత్వం చేసిన పని గానీ, అసెంబ్లీ చేసిన చట్టం గానీ రాజ్యాంగానికి లోబడి ఉందా లేదా అని ఆ కోర్టులు చూస్తాయి. దీన్నే న్యాయ సమీక్ష అంటారు. పాలిటీ పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్నగా మనం బట్టీపట్టేది ఇదే.

ఈ అధికారం గట్టిపడటంలో మన తెలుగు రాష్ట్రానికి కూడా పాత్ర ఉంది. 371-డి అధికరణం కింద ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగుల కేసుల కోసం పరిపాలనా ట్రిబ్యునల్ పెట్టారు. అయితే అదే అధికరణంలోని 5వ క్లాజు ప్రకారం ట్రిబ్యునల్ ఇచ్చిన ఆర్డరుని రాష్ట్ర ప్రభుత్వమే మార్చేయొచ్చు, రద్దు చేసేయొచ్చు. అంటే కేసులో ఓడిపోయిన ప్రభుత్వమే తీర్పు దిద్దుకోవచ్చన్నమాట. లా పుస్తకాల్లో 1987 సంవత్సరంతో కనిపించే సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ క్లాజుని కొట్టేసింది. తర్వాత 1997 మార్చిలో, చంద్రకుమార్ కేసులో, ఏడుగురు జడ్జీలు ఇంకో మాట తేల్చారు. హైకోర్టుకి, సుప్రీంకోర్టుకి ఉన్న న్యాయ సమీక్ష అధికారం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని, పార్లమెంటు సవరణ చేసి కూడా దాన్ని తీసేయలేదని చెప్పారు.

అది జరిగిన నాలుగు నెలలకే సమత తీర్పు వచ్చింది.

సమతకి వెనుక 80 ఏళ్లు

సమత తీర్పు ఒక్కరోజులో ఊడిపడింది కాదు. దాని వెనుక భూమి చట్టాల పొడుగాటి వరస ఉంది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల భూమి బదలాయింపు చట్టం తెచ్చింది. గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీల్లో గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోవాలంటే ఏజెంటు ముందస్తు రాతపూర్వక అనుమతి ఉండాలని దాని సారం. తెల్లదొరలు మన మీద ప్రేమతో తెచ్చారని అనుకోనక్కర్లేదు. షావుకార్లు భూములు లాక్కుంటే కొండల్లో తిరుగుబాట్లు లేస్తాయని వాళ్లకి అనుభవం ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఐదో షెడ్యూల్ కింద 1959లో 1వ రెగ్యులేషన్ వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ ప్రాంతానికి కూడా వర్తింపజేశారు. ఇందులో సందులు చాలా ఉన్నాయి. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్ముకుంటూ పోయినా అడ్డు లేదు. ఆ సందు మూయడానికి 1970లో సవరణ తెచ్చారు. మనం 1/70 అని పిలిచేది దీన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని, అమ్మేది ఎవరైనా సరే, గిరిజనుడికి లేదా గిరిజనులు మాత్రమే ఉన్న సొసైటీకి తప్ప వేరేవాళ్లకి బదలాయిస్తే చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే ముందుగా అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే.

గిరిజనేతరులు ఊరుకుంటారా? ఇది మా సమానత్వ హక్కుకి, ఆస్తి హక్కుకి విరుద్ధమని కోర్టుకెక్కారు. చివరికి 1988లో రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1/70 చెల్లుతుందని చెప్పింది. ఈ కేసు గురించి మనోళ్లు పెద్దగా మాట్లాడుకోరు గానీ చాలా ముఖ్యమైనది. న్యాయ సమీక్ష అంటే కొట్టేయడం ఒక్కటే కాదు. పరీక్ష పెట్టి నిలబెట్టడం కూడా అందులో భాగమే. కోర్టు పరీక్షలో పాసైన చట్టానికి బలం ఇంకా పెరుగుతుంది.

ఒక్క మాట మీద నిలబడ్డ కేసు

అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల 14 గ్రామాలున్న రిజర్వు ఫారెస్టు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి రాష్ట్ర ప్రభుత్వం గనుల లీజులిచ్చింది. బొర్రా గుహలు చూడ్డానికి వచ్చేవాళ్లకి ఆ కొండలు అందంగా కనిపిస్తాయి. కంపెనీలకి వాటిల్లో ఖనిజం కనిపించింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ 1993లో హైకోర్టులో కేసు వేసింది. 1995లో హైకోర్టు ఆ కేసుని కొట్టేసింది. అక్కడితో ఆగకుండా సుప్రీంకోర్టుకి వెళ్లారు.

ప్రభుత్వం వాదన వినడానికి బాగానే ఉంటుంది. 1/70లో "ఏ వ్యక్తి అయినా" గిరిజనేతరుడికి భూమి బదలాయించకూడదని ఉంది. ప్రభుత్వం వ్యక్తి కాదు కదా, కాబట్టి ఆ నిషేధం మాకు వర్తించదు, ప్రభుత్వ భూమిని ఎవరికైనా లీజుకివ్వొచ్చు అన్నది ఆ వాదన. ఇది ఒప్పుకుంటే మన ఊరి కోనేటిగట్టు, పోడు పైన ఉన్న బంజరు, కొండ మొత్తం ప్రభుత్వ భూమే కాబట్టి అన్నీ లీజుకి పోవచ్చు. గిరిజనుడు తన రెండెకరాలు అమ్ముకోకూడదు, ప్రభుత్వం మాత్రం కొండ మొత్తం అప్పగించేయొచ్చు. అలాంటి రక్షణ వల్ల ఏం లాభం?

ముగ్గురు జడ్జీల్లో జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సాగిర్ అహ్మద్ ఆ వాదన ఒప్పుకోలేదు. రెగ్యులేషన్‌లోని "వ్యక్తి" అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంటుందని చెప్పారు. కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గిరిజనేతర కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదు. గనులు తవ్వాలంటే గిరిజనులు గానీ, వాళ్ల సహకార సంఘాలు గానీ, ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ గానీ తవ్వొచ్చు. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత గిరిజనుల నీళ్లు, బడి, ఆసుపత్రి, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పక్కన పెట్టాలి. మూడో జడ్జి జస్టిస్ పట్నాయక్ దీనితో విభేదించారు. ఆ మాటలో ప్రభుత్వం రాదన్నది ఆయన అభిప్రాయం.

అంటే 2-1. ఇద్దరిలో ఒక్కరు అటు తిరిగి ఉంటే ఈరోజు సమత అనే పేరు మనకు ఓడిపోయిన కేసుగా మిగిలేది. కోర్టు తీర్పు ఇంత సన్నటి దారం మీద నడుస్తుందని గుర్తుంచుకుందాం.

గెలిచాక ఏం జరిగింది

తీర్పు వచ్చాక ప్రభుత్వాలు ఊరికే కూర్చోలేదు. దాన్ని మార్చమని మళ్లీ సుప్రీంకోర్టుకే వెళ్లాయి. కోర్టు ఒప్పుకోలేదు. 2000లో కేంద్ర గనుల శాఖలో ఒక నోట్ తయారైంది. ఐదో షెడ్యూల్‌నే సవరించి గనుల కోసం భూమి బదలాయింపుకి దారి తీయాలన్నది అందులో సంగతి. అది బయటికి పొక్కడంతో గిరిజన సంఘాలు ఎదురుతిరిగాయి. ఆ సవరణ రాలేదు.

2001 డిసెంబరులో బాల్కో కేసు తీర్పు వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లోని ఆ అల్యూమినియం కంపెనీలో 51 శాతం వాటాని కేంద్రం ప్రైవేటుకి అమ్మింది. సమత తీర్పు ప్రకారం ఇది చెల్లదని అక్కడివాళ్లు వాదించారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సమత తీర్పు ఆంధ్రప్రదేశ్ రెగ్యులేషన్‌లోని మాటల మీద ఆధారపడింది, అక్కడి భూమి చట్టంలో అలాంటి మాటలు లేవు అని చెప్పింది. పైగా సమత మెజారిటీ తీర్పు సరైనదేనా అన్న అనుమానం కూడా బయటపెట్టింది. కానీ దాన్ని రద్దు చేయలేదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. అక్కడా ఐదో షెడ్యూలే, ఇక్కడా ఐదో షెడ్యూలే. అక్కడా ఆదివాసీలే, ఇక్కడా ఆదివాసీలే. 1/70 లాంటి చట్టం రాసి ఉండటం వల్ల మనకి దొరికిన రక్షణ, రాసి లేకపోవడం వల్ల వాళ్లకి దొరకలేదు.

జీవో 3 కథ

ఇప్పుడు రెండో తీర్పు దగ్గరికి వద్దాం. ఏజెన్సీ బళ్లకి మైదానం నుంచి పోస్టింగు మీద వచ్చిన టీచర్లు సరిగ్గా రాకపోవడం పాత సమస్య. వచ్చినా కోయ, కువి, సవర, గోండి మాట్లాడే పిల్లకి ఆ సారు మాట అర్థం కాదు, సారుకి పిల్ల మాట అర్థం కాదు. అందుకే 1986 నవంబరులో జీవో 275 తెచ్చారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నారు. 1989లో ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లి, చివరికి 1998లో ఆ అప్పీలు వెనక్కి తీసుకుంది. 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. అదే నూరు శాతం, అందులో మూడో వంతు మహిళలకి. దీన్నీ ట్రిబ్యునల్ కొట్టేసింది. 2001లో హైకోర్టు మెజారిటీ తీర్పుతో నిలబెట్టింది. సుప్రీంకోర్టులో కేసు దాదాపు ఇరవై ఏళ్లు నడిచింది.

ఆ ఇరవై ఏళ్లలో జీవో 3 మన ఊళ్లకి ఏం చేసిందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లు ఎక్కిన మనలో చాలామందికి అక్షరాలు దిద్దించింది ఆ టీచర్లే. మన మాటలోనే పలకరించి, తర్వాత తెలుగులోకి తీసుకొచ్చింది వాళ్లే. ఏజెన్సీ ఆడపిల్ల డీఎడ్ చదివి ఉద్యోగం చేస్తుందని ఊరికి చూపించింది వాళ్లే.

2020లో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. చెప్పిన కారణాలు ముఖ్యంగా నాలుగు.

మొదటిది: ఐదో షెడ్యూల్ 5వ పేరా మొదటి భాగం ప్రకారం గవర్నరు ఒక చట్టాన్ని షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించకుండా చేయొచ్చు, మార్పులతో వర్తింపజేయొచ్చు. అంతే తప్ప కొత్త చట్టం చేయలేరు. ఉద్యోగ నియామకాల నిబంధనలు పార్లమెంటో అసెంబ్లీనో చేసిన చట్టం కాదు కాబట్టి వాటిని ఆ అధికారంతో మార్చడం కుదరదు.

రెండోది: గవర్నరు అధికారం కూడా ప్రాథమిక హక్కులకు లోబడే ఉండాలి.

మూడోది: 371-డి కింద రాష్ట్రపతి ఇచ్చిన స్థానికత ఉత్తర్వులకి జీవో విరుద్ధంగా ఉంది.

నాలుగోది: నూరు శాతం అంటే మిగతా అందరికీ తలుపు పూర్తిగా మూసేయడమే. ఎస్సీలకి, బీసీలకి కూడా. 1950 జనవరి 26 నుంచి వరసగా అక్కడే నివాసం ఉండాలన్న షరతు వల్ల కొందరు గిరిజనులకి కూడా అన్యాయమే జరిగిందని కోర్టు అంది. రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదన్న 1992 నాటి ఇందిరా సహానీ తీర్పులోనే, మారుమూల ప్రాంతాల ప్రజల విషయంలో అసాధారణ పరిస్థితుల్లో చాలా జాగ్రత్తగా దాటొచ్చు అని ఒక కిటికీ ఉంది. నూరు శాతానికి ఆ కిటికీ సరిపోదని కోర్టు తేల్చింది.

అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని మాత్రం తీసేయలేదు. ఇకమీదట ప్రభుత్వాలు పరిమితి దాటకూడదన్న షరతుతో వాళ్ల నియామకాలు కాపాడింది. రెండు రాష్ట్రాల మీద 5 లక్షల రూపాయల ఖర్చులు కూడా వేసింది. రాష్ట్రాలు కట్టిన ఆ డబ్బుతో మన పిల్లకి మన మాట తెలిసిన టీచరు రాదన్నది వేరే సంగతి.

తీర్పుతో మనం ఒప్పుకోనక్కర్లేదు. సమానత్వం అంటే అందరికీ ఒకే గేటు పెట్టడమా, లేక గేటు దాకా రావడానికి దారే లేనివాళ్లకి దారి వేయడమా అన్న ప్రశ్న ఇంకా బతికే ఉంది. మన బాధ టీచరు ఉద్యోగం ఒక్కదాని గురించి కాదు, బడిలో పిల్ల గురించి కూడా. ఆ పిల్ల గురించి కోర్టు ముందు చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది.

తేడా ఎక్కడుంది

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. 1/70 అన్నది రెగ్యులేషన్. ఐదో షెడ్యూల్ 5వ పేరా రెండో భాగం కింద, గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో చేసింది. చట్టంతో సమానం. దాన్ని పద్దెనిమిదేళ్ల తర్వాత కోర్టు పరీక్షిస్తే నిలబడింది. ఇంకో తొమ్మిదేళ్లకి దాని ఆధారంగానే సమత గెలిచింది. జీవో 3 అన్నది అదే పేరా మొదటి భాగం కింద ఇచ్చిన నోటిఫికేషన్. ఆ భాగం ఇచ్చే అధికారం కంటే ఎక్కువ బరువు దాని మీద పెట్టారు. మోయలేక కూలింది.

అలాగని రెగ్యులేషన్‌గా తెచ్చుంటే నూరు శాతం నిలబడేదని చెప్పడం కూడా సరికాదు. ప్రాథమిక హక్కుల పరీక్ష దానికీ ఉంటుంది. కానీ ఒకసారి 1989లో కొట్టేసిన దాన్నే, ఇంచుమించు అదే రూపంలో, 2000లో మళ్లీ తెచ్చారు. పునాది మార్చకుండా మళ్లీ అదే ఇల్లు కట్టారు. ఆ ఇంటిని నమ్ముకుని ఒక తరం మొత్తం డీఎడ్ చదివింది.

కోర్టు కొట్టేస్తే దారి పూర్తిగా మూసుకుపోతుందా? చరిత్ర అలా చెప్పడం లేదు. 1951 ఏప్రిల్‌లో చంపకం దొరైరాజన్ కేసులో మద్రాసు రాష్ట్రం కాలేజీ సీట్లని కులాల వారీగా పంచే జీవోని సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటికి మన కోస్తా, రాయలసీమ, విశాఖ గోదావరి ఏజెన్సీలు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. మద్రాసులో పెద్ద ఆందోళన నడిచింది. రెండు నెలలు దాటిన కొద్దిరోజులకే, జూన్‌లో, పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ చేసి 15(4) చేర్చింది. ఈరోజు మనం ఎస్టీ కోటాలో కాలేజీ సీటు తెచ్చుకుంటున్నామంటే ఆ 15(4) వల్లే. ఇందిరా సహానీ తీర్పు ప్రమోషన్లలో రిజర్వేషన్ కుదరదంటే 1995లో 77వ సవరణతో ఎస్సీ ఎస్టీలకి 16(4ఎ) తెచ్చారు. కోర్టుది చివరి మాటే. కానీ అది అప్పటికి రాసి ఉన్న దాని మీద చివరి మాట. రాత మారితే మాట మారొచ్చు.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. ఐదో షెడ్యూల్‌ని పార్లమెంటు మామూలు చట్టంతోనే సవరించొచ్చు, దాని 7వ పేరాలోనే ఆ సంగతి ఉంది. మనకి మేలు చేయడానికి ఉన్న ఆ దారిలోనే 2000లో గనుల శాఖ నోట్ కూడా రాబోయింది.

మనం అడగాల్సినవి

జీవో 3 బదులు ఇంకోటి తెస్తామని నాయకులు మాటిస్తూనే ఉంటారు. చప్పట్లు కొట్టే ముందు వాళ్లని నాలుగు అడుగుదాం. ఇది జీవోనా, రెగ్యులేషనా, చట్టమా? గిరిజన సలహా మండలిలో చర్చ జరిగిందా, తీర్మానం కాపీ ఏది? ఎంత శాతం అంటున్నారు, ఆ శాతం ఎందుకో చూపించడానికి ప్రతి మండలంలో ఎన్ని బళ్లు, పిల్లల మాతృభాష ఏది, ఆ భాష తెలిసిన టీచర్లు ఎందరు అన్న లెక్క తీశారా? 371-డి సంగతి ఏం చేస్తున్నారు? ఈ నాలుగింటికి జవాబు లేకుండా వచ్చే కాగితం ఏదైనా మళ్లీ కోర్టులో పడిపోతుంది. అప్పుడు నష్టపోయేది దాన్ని నమ్ముకుని కోచింగులో కూర్చున్న మనమే.

అలాగే ఆ లెక్కలు మనమూ తీయగలం. ఒక్కో హాస్టల్లో ఇరవై ముప్పై ఊళ్ల పిల్లలం ఉంటాం. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మన ఊరి బడిలో టీచరు ఎవరు, ఏ భాష మాట్లాడతారు, పిల్లలు ఏ భాష మాట్లాడతారు అని రాసుకొస్తే చాలు. మనలో లా చదవాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, 1/70లోని మూడో సెక్షన్‌ని ఒకసారి సొంతంగా చదవండి. ఒక్క మాటకి అర్థం ఏంటని అడగడంతో బొర్రా కొండలు నిలబడ్డాయి. ఆ మాట 1970 నుంచి అక్కడే ఉంది. ఎవరో కూర్చుని జాగ్రత్తగా చదివి, కోర్టులో అడిగేదాకా అది మనకి పనికి రాలేదు.

జై ఆదివాసీ.